అమెరికాలో డెత్ సర్టిఫికెట్: ఏ కౌంటీని అడగాలి, ఎలా అడగాలి

అమెరికాలో మనవాళ్లెవరైనా పోతే, కర్మకాండ పూర్తికాకముందే కాగితాల పని వచ్చి పడుతుంది. అక్కడి ఇన్సూరెన్స్, బ్యాంకు, ఉద్యోగమిచ్చిన కంపెనీ, ఇక్కడ ఎల్‌ఐసీ, ఊళ్లో పొలం, అన్నిచోట్లా మొదట అడిగేది డెత్ సర్టిఫికెట్టే. అమెరికాలో దాన్ని కేంద్ర ప్రభుత్వం ఇవ్వదు. మరణాల నమోదు 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, న్యూయార్క్ నగరం, ఐదు దీవుల ప్రాంతాలు, మొత్తం 57 చోట్ల ఎవరికి వారుగా జరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ రికార్డు దగ్గర్లో దొరికేది కౌంటీ ఆఫీసులో. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా అనుకోండి. కాబట్టి ఏ కౌంటీ అన్నది తేలిస్తేనే పని కదులుతుంది.

మొదట: ప్రాణం పోయింది ఏ కౌంటీలో?

మరణం జరిగిన చోటే నమోదవుతుంది. ఇల్లు ఎక్కడుంది, అంత్యక్రియలు ఎక్కడ జరిగాయి అన్నదానితో సంబంధం లేదు. మన 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనూ ఇదే పద్ధతి. అయినా ఎక్కువ దరఖాస్తులు తిరిగొచ్చేది ఇక్కడే.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోని తీసుకోండి. ఊరు ఒకటే, కానీ కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఫ్రిస్కోలో డెంటన్ వైపు ఉండే మనిషి ప్లేనోలోని ఆసుపత్రిలో పోతే రికార్డు కాలిన్ కౌంటీలో ఉంటుంది. అదే మనిషిని హెలికాప్టర్‌లో డల్లాస్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక పోతే డల్లాస్ కౌంటీకి వెళ్లాలి. దారిలోనే ప్రాణం పోతే, సాధారణంగా డాక్టరు మరణాన్ని నిర్ధారించిన ఆసుపత్రి ఉన్న కౌంటీ లెక్కలోకి వస్తుంది. పోస్టల్ అడ్రసులో కనిపించే ఊరి పేరును నమ్మి కౌంటీని ఊహించకండి. ఆసుపత్రి అడ్రసుతో వెతికి కౌంటీ పేరు రాసిపెట్టుకోండి. అంతకంటే తేలిక, అంత్యక్రియలు చూసే సంస్థ అయిన ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ చేసి 'రికార్డు ఏ కౌంటీలో ఫైల్ చేశారు?' అని అడగడం. ఫైల్ చేసేది వాళ్లే.

ఫ్యూనరల్ హోమ్‌లో కూర్చున్నప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇది. దుఃఖంలో ఉన్న ఇల్లు దీన్ని పట్టించుకోకపోవడం సహజం. అందుకే మనసు కాస్త నిలదొక్కుకున్న బంధువునో స్నేహితుడినో ఒకరిని ఈ పనికే కూర్చోబెట్టండి.

సర్టిఫికెట్‌ను ఇద్దరు నింపుతారు. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, వృత్తి వంటి వివరాలు కుటుంబాన్ని అడిగి ఫ్యూనరల్ డైరెక్టర్ నింపుతారు. మరణ కారణాన్ని డాక్టరు రాస్తారు. ప్రమాదం, ఆత్మహత్య, ఇంట్లో హఠాత్తుగా పోవడం వంటివైతే ఇలాంటి మరణాలను విచారించే ప్రభుత్వ అధికారి, అంటే మెడికల్ ఎగ్జామినర్ లేదా కరోనర్ రాస్తారు. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇదంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. సబ్‌మిట్ చేయకముందు అయితే తప్పును నిమిషంలో దిద్దొచ్చు. రిజిస్టర్ అయ్యాక దిద్దాలంటే అఫిడవిట్లు, ఆధారాలు, ఫీజు, వారాలో నెలలో పడుతుంది. 'ఫైల్ చేసేముందు డ్రాఫ్ట్ చూపించండి' అని అడగండి. అడిగితే చూపిస్తారు. ఒక్కో అక్షరాన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టి చదవండి.

మన పేర్లతో వచ్చే చిక్కులు దాదాపు ఎప్పుడూ ఇవే:

ఇంటిపేరు. పాస్‌పోర్టులో 'కొత్తపల్లి వెంకట సుబ్బారావు', పట్టాదారు పాస్‌పుస్తకంలో 'కె.వి. సుబ్బారావు', ఎల్‌ఐసీ బాండులో 'కొత్తపల్లి సుబ్బారావు' అని ఉంటుంది. అమెరికా సర్టిఫికెట్‌లో అది 'వెంకట', 'సుబ్బారావు', 'కొత్తపల్లి' అని మూడు ముక్కలై, ఇంటిపేరు చివరికి పోతుంది. తహసీల్దారు ఆఫీసులో ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరేనా అన్న ప్రశ్న లేచేది ఇక్కడే. దీనికి మందు ఫారంలోనే ఉంది. అమెరికా ప్రామాణిక ఫారంలో మొదటి గడి చట్టబద్ధమైన పేరుతో పాటు 'ఇతర పేర్లు ఉంటే అవీ రాయండి' అంటుంది. పాస్‌పోర్టు పేరును అసలు పేరుగా రాయించి, పొలం కాగితాల్లో, పాలసీల్లో ఉన్న పేర్లను ఇతర పేర్లుగా చేర్చమనండి. సుబ్బారావు ఇంగ్లిషులో ఒక ముక్కా, రెండు ముక్కలా అన్నదీ చూడండి.

పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అన్న మాటకు అది పొడి అక్షరాలు. సర్టిఫికెట్‌లో అదే పేరుగా అచ్చయితే ఇండియాలో ఎవరికీ అర్థం కాదు. ముందే చెప్పండి.

పుట్టిన తేదీ. పెద్దవాళ్లకు బడిలో రాయించిన తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉంటాయి. పాస్‌పోర్టులో ఉన్నదే రాయించండి. ఇక్కడ నిజాయితీ కోసం అసలు తేదీ చెప్తే కాగితాలన్నీ అడ్డం తిరుగుతాయి.

తల్లి పేరు. ఫారం అడిగేది ఆమె పెళ్లికి ముందున్న పేరు, అంటే పుట్టింటి ఇంటిపేరుతో. అమ్మమ్మదో నానమ్మదో పుట్టింటి ఇంటిపేరు అప్పటికప్పుడు గుర్తురాదు. ఊరికి ఫోన్ చేసి పెద్దవాళ్లను కనుక్కోండి. బతికున్న భార్య పేరును కూడా పెళ్లికి ముందు పేరుతోనే అడుగుతారు. ఆమె పాస్‌పోర్టు భర్త ఇంటిపేరుతో ఉంటే, ఆ తేడాకు ఆధారంగా మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి.

వృత్తి గడిలో 'రిటైర్డ్' అని రాయకూడదు. జీవితంలో ఎక్కువ కాలం చేసిన పని రాయాలి: రైతు, టీచరు, గృహిణి.

పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి కన్నుమూసిన తల్లిదండ్రుల విషయంలో ఇంకో రెండు చూడాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు గడిని ఖాళీగా వదలకుండా 'లేదు' అని రాయించండి. నివాసం అన్నచోట కొడుకు ఇంటి అడ్రసు వేసేస్తుంటారు. వాళ్ల శాశ్వత నివాసం ఇండియా అని, ఊరి పేరుతో రాయించండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ, ఊళ్లో వారసత్వం పనుల్లోనూ ఈ గడిని చూస్తారు.

ఎన్ని కాపీలు తీసుకోవాలి

మొదటి విడత కాపీలను ఫ్యూనరల్ హోమ్ ద్వారానే తెప్పించుకోవడం మేలు, త్వరగా వస్తాయి. మీరు అడగాల్సింది 'సర్టిఫైడ్ కాపీ'. అంటే రిజిస్ట్రార్ సంతకం, ముద్ర ఉన్న సెక్యూరిటీ పేపరు. జిరాక్స్ తీసి గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించే మన అలవాటు అక్కడ చెల్లదు. చాలా రాష్ట్రాల్లో డెత్ సర్టిఫికెట్ నకలును నోటరీ ధ్రువీకరించడానికి చట్టమే ఒప్పుకోదు.

ఒక్కో లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఒకటి, కంపెనీ గ్రూప్ పాలసీకి ఒకటి, 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాకు ఒకటి, షేర్ల ఖాతాకు ఒకటి, ఇంటి టైటిల్‌కు ఒకటి, కారుకు ఒకటి, ఇండియా పనులకు రెండు మూడు. బ్యాంకులు కొన్ని చూసి తిరిగిచ్చేస్తాయి. ఇల్లు, ఉద్యోగం ఉన్న మనిషికి పది కాపీలు ఎక్కువేం కాదు. విజిటర్‌గా వచ్చిన పెద్దవాళ్లకు నాలుగైదు సరిపోతాయి. ఒకేసారి తీసుకుంటే ఖర్చు తక్కువ. టెక్సాస్‌లో మొదటి కాపీ 20 డాలర్లు, దాంతోపాటు తీసుకునే ప్రతి అదనపు కాపీ 3 డాలర్లు. పది కాపీలకు 47 డాలర్లు. అదే పదిసార్లు విడివిడిగా తెప్పిస్తే 200. న్యూజెర్సీలో మొదటిది 25, తర్వాతివి 2 డాలర్ల చొప్పున. ఫీజులు మారుతుంటాయి, కట్టేముందు ఆ ఆఫీసు సైటులో ఒకసారి చూసుకోండి.

ఫ్లోరిడాలో కాపీలు రెండు రకాలు: మరణ కారణం ఉన్నది, లేనిది. కారణం లేని కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. ఉన్నది 50 ఏళ్ల దాకా దగ్గరి కుటుంబానికే ఇస్తారు. ఇన్సూరెన్స్‌కు కారణం ఉన్నదే కావాలి, బ్యాంకుకు లేనిది చాలు. కాలిఫోర్నియాలో ఇంకో తేడా ఉంది. అర్హత ఉన్నవాళ్లకు 'ఆథరైజ్డ్' కాపీ, మిగతావాళ్లకు 'ఇన్ఫర్మేషనల్' కాపీ. రెండో దాని మీద గుర్తింపు నిరూపణకు చెల్లదని అడ్డంగా ముద్ర ఉంటుంది. తెలియక ఫారంలో దాన్ని టిక్ చేస్తే డబ్బు పోయినట్టే.

తర్వాత మళ్లీ కావాల్సి వస్తే ఏ ఆఫీసు?

కౌంటీ అన్నాం కానీ అన్ని రాష్ట్రాల్లోనూ అది కౌంటీ కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు చూద్దాం.

టెక్సాస్‌లో కౌంటీ క్లర్క్ లేదా ఊరి లోకల్ రిజిస్ట్రార్. ఏ కౌంటీ అయినా సరే ఆస్టిన్‌లోని రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం ఇస్తుంది. కాలిఫోర్నియాలో ఈ ఏడాది, పోయిన ఏడాది మరణాలకు సాధారణంగా కౌంటీ ఆరోగ్య శాఖ, అంతకుముందువాటికి కౌంటీ రికార్డర్. ఫ్రీమాంట్ అయితే అలమీడా కౌంటీ, కూపర్టినో అయితే శాంటా క్లారా. ఇల్లినాయిలో కౌంటీ క్లర్క్. నార్త్ కరోలినాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, అంటే భూముల రిజిస్ట్రేషన్ జరిగే ఆఫీసే. పేరు చూసి ఇది కాదేమో అని వెనక్కి రాకండి. ఫ్లోరిడాలో 2009 నుంచి జరిగిన మరణమైతే రాష్ట్రంలోని ఏ కౌంటీ ఆరోగ్య శాఖలో అయినా తీసుకోవచ్చు.

న్యూజెర్సీలో కౌంటీని అడిగి లాభం లేదు. మరణం జరిగిన మునిసిపాలిటీ రిజిస్ట్రార్‌నో, రాష్ట్రాన్నో అడగాలి. ఎడిసన్‌లో ఇల్లున్నా, పక్క ఊరి ఆసుపత్రిలో పోతే ఆ పక్క ఊరే. మసాచుసెట్స్, కనెక్టికట్‌లలో కూడా ఊరి క్లర్కే. పెన్సిల్వేనియాలో రాష్ట్రమే ఇస్తుంది. వర్జీనియాలో డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీలో కూడా దొరుకుతుంది. న్యూయార్క్ నగరంలోని ఐదు బరోల్లో, అంటే నగర విభాగాల్లో, దేనిలో పోయినా నగర ఆరోగ్య శాఖను అడగాలి. అల్బనీలోని రాష్ట్ర ఆఫీసుకు రాస్తే తిరిగొస్తుంది.

మిగతా రాష్ట్రాల అడ్రసులు, ఫీజులు అమెరికా కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ తన సైటులో రాష్ట్రాలవారీగా పెట్టింది. అక్కణ్ణుంచి వెళ్లండి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే ప్రైవేటు సైట్లు చూడ్డానికి ప్రభుత్వ సైట్లలాగే ఉంటాయి. ఫారం మీ తరఫున పంపడానికే పెద్ద మొత్తం గుంజుతాయి. వైటల్‌చెక్ అనే సంస్థను చాలా రాష్ట్రాలు అధికారికంగా పెట్టుకున్నాయి, దాన్ని వాడొచ్చు, కానీ అదీ అదనపు ఫీజు తీసుకుంటుంది. మీ రాష్ట్రపు సైటు నుంచి వెళ్లి అక్కడికి చేరితేనే కట్టండి.

దరఖాస్తు పంపడం

కొన్ని రాష్ట్రాల్లో, ఉదాహరణకు ఒహాయోలో, మరణ రికార్డులు ఎవరడిగినా ఇస్తారు. చాలాచోట్ల మాత్రం అర్హత చూస్తారు. టెక్సాస్‌లో మొదటి 25 ఏళ్లు దగ్గరి కుటుంబానికో, వాళ్ల చట్టబద్ధ ప్రతినిధికో మాత్రమే. స్నేహితుడు ఎంత దగ్గరివాడైనా తన పేరుతో అడిగితే ఇవ్వరు. ఫారం ఆయన నింపి, సంతకం భార్యో కొడుకో పెట్టడం సరైన దారి.

ఫారంలో పోయినవాళ్ల పేరు, తేదీ, ఊరు, కౌంటీ, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, మీకేమవుతారు, ఎందుకు కావాలి అని ఉంటాయి. కవరులో ఇవి పెట్టండి: సంతకం చేసిన ఫారం, మీ ఫొటో గుర్తింపు కార్డు నకలు, చుట్టరికానికి ఆధారం, ఫీజు. పోస్టులో పంపేటప్పుడు చాలా రాష్ట్రాలు ఫారం మీద నోటరీ కూడా అడుగుతాయి. నోటరీ ఎదుటే సంతకం చేయాలి. ఇంట్లో ముందే చేసి తీసుకెళ్తే ఫారం పాడైనట్టే. నగదు పెట్టకండి, మనీ ఆర్డరు లేదా అమెరికా బ్యాంకు చెక్కు పెట్టండి.

చుట్టరికం దగ్గర అన్నదమ్ములకు ఇబ్బంది వస్తుంది. భార్య పేరు రికార్డులోనే ఉంటుంది, తమ్ముడి పేరు ఉండదు. ఇండియా పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు అచ్చయి ఉంటే, ఇద్దరి పాస్‌పోర్టుల చివరి పేజీల నకళ్లూ జత చేయండి.

ఇండియా నుంచి పంపాల్సి వస్తే నోటరీయే పెద్ద అడ్డు. మన ఊరి నోటరీ ముద్రను చాలా ఆఫీసులు ఒప్పుకోవు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ సేవ ఉంది, ఒక్కో ముద్రకు 50 డాలర్లు, అపాయింట్‌మెంట్ కావాలి. అర్హత ఉన్న దగ్గరివాళ్లు ఒక్కరైనా అమెరికాలో ఉంటే వాళ్ల చేతనే పెట్టించడం మంచిది.

'పెండింగ్' అని ఉంటే

శవపరీక్ష ఫలితాలు రాకముందు మరణ కారణం గడిలో 'పెండింగ్' అని రాసి సర్టిఫికెట్ ఇస్తారు. ఒంట్లో మందులు, విషాలు ఉన్నాయేమో చూసే టాక్సికాలజీ పరీక్షలకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంత్యక్రియలు, బ్యాంకు పనులు దీంతో సాగుతాయి, ఇన్సూరెన్స్ మాత్రం సాధారణంగా ఆగుతుంది. ఇలాంటప్పుడు పది తీసుకోకండి. రెండు మూడు తీసుకుని, కారణం నమోదయ్యాక మిగతావి తెప్పించండి. పాత కాపీ దానంతటదే మారదు, సాధారణంగా ఉచితంగా మార్చివ్వరు. నాలుగు వారాలకోసారి మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసుకు కేసు నంబరుతో ఫోన్ చేసి కనుక్కోండి. శవపరీక్ష రిపోర్టు వేరే కాగితం, దాన్ని ఆ ఆఫీసునే విడిగా అడగాలి.

కాగితం చేతికొచ్చాక

వెలుగులో పెట్టి చూడండి. అంచుల్లో సన్నటి గీతల డిజైను, రిజిస్ట్రార్ సంతకం, చాలావాటికి వేలితో తడిమితే తగిలే ఉబ్బెత్తు ముద్ర ఉంటాయి. అన్ని గడులూ మళ్లీ చదవండి. లామినేషన్ చేయించకండి, ముద్ర మూసుకుపోయిన కాగితాన్ని ఆఫీసులు తీసుకోవు. తప్పు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఫ్యూనరల్ హోమ్‌కే చెప్పండి. వ్యక్తిగత వివరాల సవరణ వాళ్ల ద్వారా తేలిక. మరణ కారణంలో తప్పుంటే దాన్ని రాసిన డాక్టరో మెడికల్ ఎగ్జామినరో మాత్రమే మార్చగలరు.

ఇండియాలో చెల్లాలంటే

అమెరికా సర్టిఫికెట్‌కు అపోస్టిల్ వేయించాలి, అంటే దాని మీది సంతకం, ముద్ర అసలువేనని వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ. దీన్ని పరస్పరం ఒప్పుకునే దేశాల హేగ్ ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది కాబట్టి దాని మీద మళ్లీ కాన్సులేట్ ముద్ర అక్కర్లేదు. ఇచ్చేది ఏ రాష్ట్రం సర్టిఫికెట్టో సాధారణంగా ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. టెక్సాస్ కాగితం కాలిఫోర్నియాలో చెల్లదు, వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ కూడా రాష్ట్ర కాగితాలకు వేయదు. ఎవరి సంతకం అన్నది ఇక్కడ కీలకం. కొన్ని రాష్ట్రాల్లో ఊరి రిజిస్ట్రార్ సంతకాన్ని నేరుగా ఒప్పుకోరు, ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరించాలి. న్యూయార్క్ రాష్ట్రంలో అదే పద్ధతి. నగరానికైతే సర్టిఫికెట్‌తో పాటు అది అసలుదేనని నగర ఆరోగ్య శాఖ ఇచ్చే 'లెటర్ ఆఫ్ ఎగ్జెంప్లిఫికేషన్' తీసుకుని కౌంటీ క్లర్క్ దగ్గరికి, ఆ తర్వాతే అపోస్టిల్‌కు. నగరం కాని చోట్ల ఈ తిరుగుడు తప్పాలంటే అపోస్టిల్ కోసం ఉద్దేశించిన కాపీలను రాష్ట్ర ఆఫీసు నుంచే తెప్పించడం మంచిది.

అపోస్టిల్ అంటే పది అంకెలు వేసిన వరసలతో ఉండే ఒక పత్రం, సర్టిఫికెట్‌కు పిన్ను కొట్టో, రివెట్ వేసో జతచేస్తారు. ఆ పిన్ను తీయకండి. స్కానింగ్ కోసం విడదీసి మళ్లీ కుట్టినా అనుమానం మొదలవుతుంది. జిరాక్స్ షాపులో కూడా ఎదురుగా నిలబడి తీయించండి.

పోయినవాళ్లు భారత పౌరులైతే ఆ ప్రాంతపు భారత కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు చేయించి, మరణాన్ని అక్కడ నమోదు చేయించండి. విదేశాల్లో జరిగిన మరణాలకు 1969 చట్టం 20వ సెక్షన్ చూపించిన దారి ఇది. పంచాయతీ కార్యదర్శి దగ్గరో మునిసిపాలిటీలోనో మళ్లీ రాయించాలని తిరగకండి. మరణం వాళ్ల పరిధిలో జరగలేదు కాబట్టి వాళ్లు ఇవ్వలేరు. అపోస్టిల్ ఉన్న కాపీతో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టుకుని, దాని మీద పొలం మ్యుటేషన్, బ్యాంకు పనులు చూసుకోవాలి. అసలును ఏ కౌంటర్లోనూ వదిలిపెట్టకండి. చూపించి, నకలు ఇచ్చి, రసీదు తీసుకోండి.

'రికార్డు లేదు' అని జవాబొస్తే

ఫీజు వెనక్కి రాదు, అది వెతికినందుకు. వెంటనే మళ్లీ అదే ఫారం పంపకండి. డాక్టరు ఇంకా సంతకం చేయకపోతే రికార్డు రిజిస్టరే కాలేదన్నమాట. ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ చేస్తే తెలుస్తుంది. లేదా కౌంటీ తప్పు. లేదా ఇంటిపేరు, పేరు తారుమారై నమోదైంది. కొత్త ఫారం ఖాళీ జాగాలో 'ఇంటిపేరు మొదటి పేరుగా నమోదై ఉండొచ్చు, అలా కూడా వెతకండి' అని రాసి, పుట్టిన తేదీ, భార్య పేరు ఇవ్వండి. అదీ కుదరకపోతే రాష్ట్ర ఆఫీసుకు పెట్టండి. అక్కడి సూచికలో అన్ని కౌంటీలూ ఉంటాయి.

దశాబ్దాల కిందట వెళ్లి అక్కడే పోయిన తాతల రికార్డు కోసమైతే రాష్ట్రం ఎప్పటి నుంచి నమోదు చేస్తోందో ముందు చూడండి: టెక్సాస్ 1903, కాలిఫోర్నియా 1905, పెన్సిల్వేనియా 1906. పాత రికార్డుల చిత్రాలు చాలావరకు వంశవృక్షాల కోసం పెట్టిన ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా కనిపిస్తాయి. అక్కడ దొరికిన సర్టిఫికెట్ నంబరును ఫారంలో రాస్తే, ఆఫీసువాళ్లు పేరు స్పెల్లింగుతో పని లేకుండా నేరుగా ఆ కాగితం తీస్తారు.